పసిబిడ్డల నిద్రమందులు: ఊడ్పుల కాలమున ఒక హెచ్చరిక

వ్యవసాయ ప్రదర్శకుడు విత్తనములను గూర్చియు, ఎరువులను గూర్చియు వ్రాయక పసిబిడ్డల నిద్రను గూర్చి వ్రాయుటేమని సంఘ సభ్యులలో కొందరు శంకింపవచ్చును. నేను వైద్యుడను గాను. కాని మందును కొలిచి వాడుట బోధించుట నా వృత్తి. ఆ వృత్తిలో నేను చేసిన యొక తప్పు ఈ వ్యాసమునకు కారణము.

మూడేండ్ల క్రిందట సార్వా ఊడ్పుల దినములలో కృష్ణా డెల్టాలోని యొక గ్రామమున, నారు వేళ్లను మందునీట ముంచి నాటు పద్ధతిని చూపుచుంటిని. లీటరు నీటికి మందు ఎన్ని మిల్లీలీటర్లు కలుపవలయునో చెప్పి, కొలపాత్రతో కొలిచి, గట్టున నిలిచిన ముఠా స్త్రీలచే ఆ లెక్కను మరల చెప్పించితిని. పని ముగియుచుండగా ఒక యువతి కొంగుముడి విప్పి చిన్న సీసాను తీసి నాకు చూపెను. అది జలుబునకు వాడు తీపి మందు. తుమ్మకొమ్మకు కట్టిన చీర ఉయ్యెలలో ఆమె బిడ్డ గుక్కపట్టి యేడ్చుచుండెను.

“సారూ, పైరుకు కొలత చెబుతున్నారు గదా, మా బుడ్డదానికి ఇది ఎంత పొయ్యమంటారు? రాత్రంతా నిద్రలేదు. నన్ను నాటు వెయ్యనివ్వడం లేదు” అని యడిగెను.

నేను బిడ్డ వయస్సు నడుగలేదు. సీసాపై చీటీని చదువలేదు. లెక్కలు చెప్పు అలవాటు నాలుకపై నుండుటచే “మూతలో సగము పోయుమమ్మా” అంటిని.

మధ్యాహ్నము అన్నముల వేళ పాలిచ్చుటకు లేపగా బిడ్డ లేవలేదు. రొమ్ము నోటికందించినను చప్పరింపలేదు. మెడ వాలిపోయెను. ఊపిరి ఆగియాగి వచ్చుచుండెను. తల్లీబిడ్డలను నా మోటారు సైకిలుపై ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకును, అటనుండి 108 బండిలో పట్టణపు ఆసుపత్రికిని చేర్చితిమి. రెండు రాత్రులు ప్రాణవాయువు పెట్టి యుంచిరి. మూడవనాడు బిడ్డ కన్నులు విప్పి పాలు త్రాగెను. ఆ బిడ్డకు ఏడు మాసములు. “ఎవరు పొయ్యమన్నారు?” అని వైద్యురాలు గద్దించినప్పుడు ఆ తల్లి తల వంచుకొని “నేనే పోశానమ్మా” అనెను. నేను ప్రక్కనే నిలిచియుంటిని. చెప్పినవాడను నేనని యొప్పుకొనుటకు నాకు కొంతసేపు పట్టెను.

నాటినుండి గ్రామములు తిరుగునప్పుడు ఊడ్పులకు వచ్చు స్త్రీలను ఈ విషయమై యడుగుచుంటిని. వైద్యులనడిగి, దొరికిన గ్రంథములు చదివితిని. నాకు తెలిసినంతలో ఒక మాట మొదటనే చెప్పవలసి యున్నది. పసిబిడ్డకు పోయు నిద్రమందు చాల తరుచుగా బిడ్డకు నిద్ర పట్టకపోవుటచే పోయునది కాదు. బిడ్డ నిద్రించుట పెద్దవారికి అవసరమగుటచే పోయునది. ఆ యవసరమును కల్పించువారిలో పొలము యజమానులమైన మనమును ఉన్నాము.

ఈ యలవాటు మన నేలయందే పుట్టినది కాదు. వ్యవసాయమునకును శిశువుల నిద్రమందునకును గల సంబంధము ఇంగ్లండు దేశమున నూరేండ్లకు మునుపే బయటపడినది. ఆ కథ మన డెల్టా రైతులకు సులభముగ బోధపడును గనుక కొంత విపులముగ వ్రాయుచున్నాను.

ఇంగ్లండు తూర్పుభాగమున కేంబ్రిడ్జి, లింకన్, నార్ఫోకు మండలములలో ఫెన్సు అను పల్లపు నేలలు కలవు. మన కొల్లేటి యంచుల వలెనే అవి పూర్వము నీట మునిగియుండి, పశువుల మేతకును, చేపలకును, నీటిపక్షులకును ఆటపట్లై యుండెను. అచట చలిజ్వరము ప్రబలముగ నుండెడిది. కాలువలు త్రవ్వి, గాలిమరలచేతను ఆవిరి యంత్రములచేతను నీరు తోడివేసి ఆ నేలలను సాగులోనికి తెచ్చిరి. నల్లని బురద నేల గోధుమకు, దుంపలకు మిక్కిలి సారవంతమయ్యెను. మురుగు పోయినందున జ్వరములు తగ్గి శిశువుల మరణములును తగ్గునని అందరును తలంచిరి.

తగ్గలేదు. ఏ యంత్రశాలయు లేని ఆ పల్లెలలో పసిబిడ్డలు పొగగొట్టముల పట్టణములలోని బిడ్డలతో సమానముగ చనిపోవుచుండిరి. ఆ దేశపు ప్రభుత్వ వైద్యాధికారి జాన్ సైమను దీని కారణము తెలిసికొనుటకై హెన్రీ జూలియన్ హంటరు అను వైద్యుని పంపెను. హంటరు ఊరూర వైద్యులను విచారించి వ్రాసిన నివేదిక 1864లో వెలువడెను. చిత్తడి నేలయే శిశువులను చంపుచున్నదని తలంచి వెదకబోగా, చిత్తడిని పోగొట్టి చేసిన సాగే దానికి కారణముగ కనబడెను. మేతబీళ్లకు పనివాండ్రు కొలదిమంది చాలుదురు. దున్నిన నేలకు కలుపు తీయుటకు, రాళ్లేరుటకు, దుంపలు త్రవ్వుటకు చేతులు పెక్కు కావలెను. మేస్త్రీ యొకడు స్త్రీలను, పిల్లలను ముఠాగా కట్టి మైళ్లకొలది నడిపించుకొని పోయెడివాడు. పాలు త్రాగు బిడ్డ ఇంటివద్ద నొక ముసలిదాని యొద్ద ఉండెను. ఆ ముసలిది ఒక్కతె, బిడ్డలు పలువురు. వారిని రోజంతయు కదలకుండ నుంచుటకు ఆమెకు తెలిసిన సాధనము గాడ్‌ఫ్రే కార్డియలు.

ఇది చెరకుపాకపు మడ్డిలో నల్లమందును, సుగంధ ద్రవ్యములను కలిపి చేసిన పానకము. పదునెనిమిదవ శతాబ్దపు మొదటినుండియు అమ్మకములో నుండెను. ఊరి చిల్లర అంగడిలో పప్పు, ఉప్పుతో పాటు ఇదియు దొరకెడిది. ఒక్కొక్క అంగడివాడు తనకు తోచిన పాళ్లలో కలిపెడివాడు గనుక, ఒక అంగడి మందునకు అలవాటైన బిడ్డకు వేరొక అంగడి మందు అదే చెంచాతో పోసినను ప్రమాదమగుచుండెను. ఫెన్సులోని పేదలు తమ పెరటిలో తెల్ల గసగసాల మొక్కలు పెంచి, ఆ కాయలు కాచిన కషాయమును గూడ పిల్లలకు పోయుట కలదు.

ఈ బిడ్డలలో నొక్కసారిగ చనిపోయినవారికంటె మెల్లమెల్లగ నెండిపోయినవారే హెచ్చు. మత్తులో నున్న బిడ్డకు ఆకలి తెలియదు. ఆకలి తెలియని బిడ్డ ఏడువదు. ఏడువని బిడ్డకు పాలు పట్టువారు లేరు. చర్మము ముడుతలు పడి ముసలివాండ్రవలె నైన పసివారిని హంటరు చూచెను. అట్టివారు మరణించినప్పుడు నల్లమందు పేరు రికార్డులకెక్కుట అరుదు. బలహీనతయనియో, మూర్ఛయనియో వ్రాయుచుండిరి. హంటరు నివేదికను 1867లో కార్ల్ మార్క్సు తన గ్రంథమున నుదాహరించెను. అదే సంవత్సరమున ఇంగ్లండు పార్లమెంటు ముఠా పనులను గూర్చి చట్టము చేసి, ఎనిమిదేండ్లలోపు పిల్లలను ముఠాలో చేర్చుకొనరాదనియు, మేస్త్రీలు లైసెన్సు పొందవలెననియు శాసించెను. 1868లో నల్లమందును తెలిసిన మందులవారే, విషమని చీటీ అంటించి అమ్మవలెనని మరియొక చట్టము వచ్చెను. పటెంటు మందులకు మాత్రము అందుండి మినహాయింపు నిచ్చిరి. తలుపు మూసి కిటికీ తెరచినట్లయ్యెను. అయినను పసివారి నల్లమందు మరణములు క్రమముగ తగ్గినవి.

అమెరికాలో ఇట్టిదే మరియొకటి 1849లో బయలుదేరెను. దాని పేరు మిసెస్ విన్‌స్లో సూదింగ్ సిరప్. పండ్లు వచ్చు బిడ్డలకని ప్రకటించిన ఆ తీపి మందులో నల్లమందు సారమైన మార్ఫీను ఉండెను. సీసాలో నేమున్నదో చీటీపై వ్రాయవలెనని 1906లో చట్టము వచ్చువరకు తల్లులకు ఆ సంగతి తెలియదు. 1911లో అమెరికా వైద్య సంఘము దానిని శిశుహంతకములైన మందుల జాబితాలో చేర్చెను.

మన దేశమున నల్లమందు లైసెన్సు దుకాణములలో బహిరంగముగ దొరకిన కాలమొకటి యుండెను. తినుటకై నల్లమందు నమ్ముటను పదేండ్లలో నిలుపవలెనని 1949లో నిశ్చయించి, 1959 మార్చితో వైద్యావసరము లేనివారికి ఆపివేసిరి. నేడు కూలివాండ్ర కొంగుముడిలో నల్లమందు లేదు. దాని స్థానమున రంగు నీటి సీసా వచ్చియున్నది.

ఆ సీసాలలో నేమున్నదో చెప్పుటకు ముందు, పసిబిడ్డ శరీరమును గూర్చి కొంత తెలియవలెను. ఆవుకు పట్టు దాణాలో పాలు తగ్గించి దూడకు పెట్టినట్లు, పెద్దవారి మందులో పావో, పరకయో బిడ్డకు చాలునని మనము తలంతుము. ఇది తప్పు. లోనికి పోయిన మందును విరిచి వెలికి పంపునవి కాలేయమును, మూత్రపిండములును. పసిబిడ్డలో ఆ యవయవములు ఇంకను పక్వము గాలేదు. పెద్దవానిలో కొన్ని గంటలలో తరిగిపోవు మందు శిశువులో చాలసేపు నిలిచియుండును. మొదటి మోతాదు తరుగక మునుపే రెండవది పోసినచో రెండును కూడుకొనును. మరియు నిద్రమందు మెదడులో నిద్ర నొక్కదానినే తాకి ఊరకుండదు. ఊపిరిని నడపు స్థానమును గూడ అణచును. ముక్కు మూసికొన్నను, ముఖముపై గుడ్డ పడినను సహజముగ నిద్రించు బిడ్డ ఉలికిపడి తల త్రిప్పుకొనును. మత్తులో నున్న బిడ్డకు ఆ ఉలికిపాటు రాదు.

కొలతను గూర్చి ఇంకొక మాట. గాడ్‌ఫ్రే సీసాలో నల్లమందు అడుగున పేరుకొనెడిది. పైన తీసిన చెంచా తేలికగా నుండి, సీసా తుదకు వచ్చునప్పటికి అదే చెంచా ప్రాణాంతకమగుచుండెను. స్ప్రేయరు టాంకిని కలియబెట్టక కొట్టిన రైతు ఒక సాలు తప్పి యొక సాలున ఆకు మాడుట చూచియే యుండును. నేటి సీసాలలోను గట్టిగ కదిపి వాడవలసినవి కొన్ని కలవు. ఇక సీసా మూత యొక్కొక్క కంపెనీది యొక్కొక్క కొలత. ఇంటి చెంచాలును అట్లే. ఈ సంగతి తెలిసిన నేనే “మూతలో సగము” అంటిని.

నేడు నిద్రకొరకు పోయు మందులలో ముఖ్యమైనవి జలుబు మందులు. క్లోరుఫెనిరమిను, డైఫెన్‌హైడ్రమిను, ప్రోమెథజీను అను మందులు దురదకు, తుమ్ములకు, వాంతులకు ఉద్దేశింపబడినవి. మగత కలిగించుట వాని పని గాదు. వాని వలని చెరుపు. ఆ చెరుపునే మనము గుణముగ వాడుకొనుచున్నాము. వీనివలన నోరెండుట, మూత్రము బిగియుట, గుండె వడిగ కొట్టుకొనుట, మరునాటి మగత కలుగును. కొందరు పిల్లలలో నిద్రకు మారుగ విపరీతమైన చికాకు, కేకలు, లేనివి కనబడుట సంభవించును. అది చూచి మందు చాలలేదని మరల పోయువారు కలరు. ప్రోమెథజీనువలన ఊపిరి నిలిచి శిశువులు మరణించినందున, రెండేండ్లలోపువారికి దానిని ఈయరాదని 2004లో అమెరికా ఔషధశాఖ చీటీపై పెద్దయక్షరముల హెచ్చరిక వేయించెను. మన దేశమున 2023 డిసెంబరులో ఔషధ నియంత్రణాధికారి, క్లోరుఫెనిరమినును ఫినైలెఫ్రినును కలిపిన జలుబు మందును నాలుగేండ్లలోపు పిల్లలకు వాడరాదని సీసాపై వ్రాయవలెనని ఉత్తరువు చేసెను. ఆ వ్రాత చిన్నయక్షరములలో ఇంగ్లీషున నుండును. కొంగుముడిలోని సీసాను అడిగి చూచి ఆ పంక్తిని చదివి చెప్పుట చదువుకొన్నవారు చేయదగిన పని.

ట్రైక్లోఫాసు అను మరియొక ద్రవమున్నది. పిల్లలను కదలకుండ నుంచి మెదడు పరీక్షయో చెవి పరీక్షయో చేయవలసినప్పుడు ఆసుపత్రులలో దీనిని ఇత్తురు. అచట ఊపిరిని, నాడిని కనిపెట్టియుండు మనిషి యుండును. పరీక్షకై వ్రాసిన చీటీని దాచుకొని, మిగిలిన మందును ఇంట రాత్రిపూట పోయుట మిక్కిలి ప్రమాదకరము. గురకపెట్టు పిల్లలకు, గొంతులో గడ్డలు పెరిగిన పిల్లలకు మరింత ప్రమాదకరము.

చదువుకొన్న యిండ్లలో నిప్పుడు మెలటోనిను అను క్రొత్త పేరు వినబడుచున్నది. ఇది విషము గాదు. చీకటి పడిన పిమ్మట మన మెదడులోని పీనియల్ గ్రంథియే దీనిని స్రవింపజేయును. అమెరికా వైద్యుడు ఆరన్ లెర్నరు 1958లో దీనిని వేరుచేసెను. ఆ దేశమున దీనిని మందుగా గాక ఆహారపు చేర్పుగా, పండ్ల రుచిగల మిఠాయి బిళ్లలుగా అంగళ్లలో అమ్ముదురు. అచటనుండి సెలవులకు వచ్చు మన బంధువుల పెట్టెలలో ఇవియు వచ్చుచున్నవి. పిల్లలు మిఠాయియని తినుటచేతను, ఇతర విధములను అమెరికా విష సమాచార కేంద్రములకు వచ్చిన పిలుపులు 2012లో 8,337 కాగా 2021లో 52,563. ఆ పదేండ్లలో ఐదుగురు పిల్లలకు ఊపిరి యంత్రము పెట్టవలసివచ్చెను, ఇద్దరు మరణించిరి. 2023లో పరీక్షకులు ఇట్టి మిఠాయిలు 25 రకములను కొని చూడగా 22 రకములలో చీటీకిని సరకునకును పొత్తు కుదురలేదు. ఒకదానిలో మెలటోనిను లేనేలేదు. మరియొకదానిలో నూటికి 347 పాళ్లుండెను. చీటీపై నొక రకమును సంచిలో మరియొక రకమును గల విత్తనమును కొని మోసపోయిన రైతునకు ఇంతకంటె వివరింపనక్కరలేదు. మెలటోనినువలన ఉదయపు మగత, తలనొప్పి, తలతిరుగుట కలుగవచ్చును. పక్క తడుపుటయు కొందరిలో కనబడును. ఏండ్లతరబడి వాడినచో యౌవనారంభముపై దాని ప్రభావమెట్టిదో వైద్యశాస్త్రము ఇంకను తేల్చలేదు.

అయితే ఇంటి మందులు మంచివి గదా యని పెద్దలనవచ్చును. జాజికాయను గంధము తీసి పాలలో కలిపి పట్టుట మన యిండ్లలో కలదు. జాజికాయలోని మిరిస్టిసిను అను పదార్థము మోతాదు మించినచో గుండెదడను, నోరెండుటను, మతిభ్రమను కలిగించును. గంధపు రాతిపై ఎన్ని చుట్లు అరగదీసిన ఎంత దిగునో ఎవరు కొలిచిరి? వసకొమ్ములోని బీటా అసరోను జంతువులపై చేసిన పరీక్షలలో పుట్టకురుపు కలిగించినందున అమెరికాలో 1968లోనే ఆహారమున వసను నిషేధించిరి. దానిని తేనెలో నాకించుట మరియొక పొరపాటు; ఏడాది నిండని బిడ్డకు తేనె యే కొంచెమైనను పెట్టరాదు. ఇక బ్రాందీ చుక్క. సారాయి పసిబిడ్డ రక్తములోని చక్కెరను పడద్రోసి మూర్ఛలు తెప్పించును. మనకు తరతరములుగ పరిచితమైన గ్రైపు వాటరు 1851లో ఇంగ్లండున పుట్టినప్పుడు దానిలోను సారాయి యుండెను. తరువాతి కాలమున దానిని తీసివేసిరి. తాతమ్మల నాటి సీసా బిడ్డను శాంతింపజేసినది సోపు గుణముచేతనా, సారాయి గుణముచేతనా యని నేనిప్పుడు సందేహించుచున్నాను.

ఇన్ని వలదన్నవాడు ఏది కావలెనో చెప్పవలెను. మొదట బిడ్డ నిద్ర యెట్లుండునో తెలియవలెను. పుట్టిన బిడ్డ రోజున కించుమించు 14 మొదలు 17 గంటలు నిద్రించును గాని ముక్కలు ముక్కలుగ నిద్రించును. కడుపు చిన్నది గనుక రెండు మూడు గంటల కొకసారి లేచుట సహజము. రాత్రింబగళ్ల భేదము శరీరమునకు తెలియుటకు రమారమి మూడు మాసములు పట్టును. ఆరవ వారమున ఏడుపు మిక్కిలి హెచ్చి, మూడు నాలుగు మాసములకు తగ్గును. ఈ కాలమున ఏ మందు పోసినను, పోయకున్నను ఆ ఏడుపు తగ్గి తీరును. తగ్గినప్పుడు పేరు మందునకు వచ్చును. ఏడాది రెండేండ్ల బిడ్డకు పగటి కునుకుతో కూడ 11 మొదలు 14 గంటలును, మూడు మొదలైదేండ్లవారికి 10 మొదలు 13 గంటలును, బడిపిల్లలకు 9 మొదలు 12 గంటలును నిద్ర చాలును.

దీనికి మించి బిడ్డ రాత్రులు లేచుచున్నచో కారణమును వెదకవలెను. పైరు పసుపుపచ్చనైనప్పుడు యూరియా చల్లుటకు ముందు వేరు పెకలించి చూతుము గదా. రాత్రిపూట ఆసనమున గోకికొనుచున్నచో నులిపురుగులు. వ్రేళ్ల సందుల పొక్కులుండి రాత్రి దురద హెచ్చినచో గజ్జి. ఇంటిల్లిపాదికి ఒకే నాడు మందు రాయనిచో అది పోదు. పడుకొనబెట్టగనే ఏడ్చి, ఎత్తుకొనిన తగ్గినచో చెవిపోటేమో చూపవలెను. నోరు తెరచి గురకపెట్టి ఉలికిపడి లేచినచో ముక్కు వెనుక కండ పెరిగియుండవచ్చును. ఈ పిల్లలకు మత్తు పోయుట గొంతు నొక్కుటతో సమానము. పడుకొన్న వెంటనే కాళ్లు ఊరక కదల్చుచు, పాలిపోయి యున్న పిల్లలలో రక్తమున ఇనుము తక్కువ యుండవచ్చును. దోమలు, ఉక్క, ఆకలి చెప్పనక్కరలేదు. సాయంకాలము పెద్దవారితోపాటు పిల్లలకును గ్లాసెడు తేనీరు పోయుట, పక్కలో సెల్లుఫోను వెలుగుచుండుట కారణములని తలంచువారు తక్కువ.

ఏ కారణమును లేనిచో అలవాటే మందు. ప్రతిదినము ఒకే వేళకు దీపము తగ్గించి, ఒళ్లు తుడిచి, జోల పాడి, పూర్తిగ నిద్ర పట్టక మునుపే పక్కపై వెల్లకిల పరుండబెట్టవలెను. ఉదయమున వెలుతురు చూపవలెను. ఇది మూడు రాత్రులలో ఫలింపదు. రెండు మూడు వారములు పట్టును. బుద్ధిమాంద్యము, ఆటిజము వంటి అవస్థలుగల కొందరు పిల్లలకు నిద్ర నిజముగనే కుదురదు. వారికి వైద్యుడు ఆలోచించి మెలటోనిను వంటిది వ్రాసినచో భయపడి మానరాదు. ఆ తల్లిదండ్రుల జాగరణము ఎట్టిదో నేను చూచితిని. వారిని నిందించుటకు ఈ వ్యాసము వ్రాయలేదు.

మందు పోసిన బిడ్డ పిలిచినను లేవనిచో, పెదవులు నీలమెక్కినను, ఊపిరి నెమ్మదించినను తెల్లవారువరకు ఆగరాదు. ప్రక్కకు తిప్పి పరుండబెట్టవలెను. చింతపండు నీరు, ఉప్పునీరు పోసి కక్కింపరాదు; పాలు పోయరాదు; అవి ఊపిరి గొట్టములోనికి పోవును. 108కి ఫోను చేసి, పోసిన సీసాను తప్పక వెంట తీసికొనిపోవలెను. ఎవరు తిట్టుదురోయని సీసాను పారవేసినచో వైద్యుడు చీకటిలో వెదకవలసి వచ్చును.

ఇక సభ్యులతో నేరుగ మాటలాడవలసిన సంగతి. ఊడ్పుల కాలమున మనకు ముఠా కావలెను. ఎకరము కింతయని గుత్తకు కుదుర్చుకొందుము. గుత్త పనిలో పాలిచ్చుటకు గట్టెక్కు తల్లి పది సాళ్లు వెనుకబడును, తోటివారు గొణుగుదురు, మేస్త్రీ రేపు రావలదనును. ఆ మాట రాకుండ చేయుటకే ఆమె కొంగున సీసా ముడివేసికొని వచ్చుచున్నది. 2005లో చేసిన గ్రామీణ ఉపాధి హామీ చట్టము, పని స్థలమున ఆరేండ్లలోపు పిల్లలు ఐదుగురో అంతకెక్కువో యున్నచో ఆ స్త్రీలలో నొకతెను వారిని చూచుటకు నియమించి ఆమెకును కూలి ఈయవలెనని విధించెను. చెరువు పూడిక తీయుచోట న్యాయమైనది వరిమడి గట్టున అన్యాయము కాజాలదు.

లెక్క వేయుదము. ఇరువదిమంది ముఠాలో నొకతె నీడన కూర్చుండినచో ఇరువదింట నొకవంతు కూలి యదనము. ఒకే కట్టపై పొలములున్న నలుగురు రైతులు కలిసినచో ఒక్కొక్కరికి పడునది స్వల్పము. సగము మడి ఊడ్చి ఆసుపత్రికి పరుగెత్తిన నాడు నేను చూపవచ్చిన రైతుకు కలిగిన నష్టము అంతకు పెక్కు రెట్లు. కూర్చుండు స్త్రీ పిల్లలను పెంచినదై యుండవలెను. ఆమె చేతికి ఏ మందును ఈయరాదు; ఎవరిచ్చినను పోయరాదని ముందే చెప్పవలెను. హంటరు చూచిన ముసలిదాని చేతిలో పిల్లలును సీసాయు రెండును ఉండుటచేతనే అంత హాని కలిగెను. పాలిచ్చు తల్లికి పూటకొకమారైనను గట్టెక్కు వీలును గుత్తలోనే చేర్చి, మేస్త్రీకి ముందుగ చెప్పవలెను. పిల్లలను పురుగుమందు డబ్బాలకు, మందునీరు కలుపు చోటునకు దూరముగ నుంచవలెను.

రాబోవు సార్వాకు నారుమడులు పోయకమునుపే ఈ విషయమును మన సంఘపు సర్వసభ్య సమావేశములో చర్చకు పెట్టవలసినదిగా అధ్యక్షులకు వ్రాసితిని. కట్టకొక పందిరి చాలును. వెదురు బొంగులు ఊరిలోనే దొరకును. ధాన్యముపై కప్పు టార్పాలినులు ఊడ్పుల దినములలో మన గోదాములో మడతపెట్టి ఊరకయే యుండును.